చల్లటి పెట్టె

జర్కా పట్టణంలో పాత బ్యాటరీలు అమ్మే హమ్దాన్‌ను సొంత దుకాణంలోనే కాల్చి చంపారు. గల్లాపెట్టె ముట్టుకోలేదు.

అమ్మాన్‌లోని రహస్య శాఖ కార్యాలయంలో శాఖ పెద్ద పాషా ఆ శవం ఫోటోను ఏజెంట్ నబ్హాన్ ముందుకు తోశాడు.

"హమ్దాన్ దగ్గర బ్యాటరీలు కొనేది ఒక్కడే. జానిబెక్. సర్కాసియన్ జాతి మెకానిక్. పాత ఒపెల్ బండికి ఫ్యాక్టరీ యంత్రాల ఏసీ కరెంటు మోటారు బిగించి కరెంటు కారు చేశాడు. గురువారం విద్యుత్ మంత్రి ముందు నడుపుతాడు. విదేశీ ముఠా ఒకటి మంత్రి మీద గురిపెట్టిందని కబురు. జానిబెక్‌ని నమ్మకు. అక్కడ పత్రికా విలేకరిగా లమీస్ ఉంది, మన మనిషే."

"పాషా, నమ్మకూడని వాళ్ళలో ఆవిడ లేదా?"

"నీకు పెళ్ళెందుకు కాలేదో ఇప్పుడర్థమైంది" అన్నాడు పాషా.

మర్నాడే నబ్హాన్ నూనె మరకల చొక్కా తొడుక్కుని, వైరింగ్ పనివాడిగా జానిబెక్ షెడ్డులో చేరాడు. ముసలాయన కూడా అతణ్ణి అనుమానంగానే చూశాడు.

"చేతులు మరీ తెల్లగా ఉన్నాయేమయ్యా? కంపెనీవాళ్ళు పంపారా, నా ఇన్వర్టర్ కాపీ కొట్టుకు రమ్మని?"

"పని లేక వచ్చాను ఉస్తాద్."

"పని లేనివాడికి అంత ఖరీదైన వాచీ ఎక్కడిది?"

నబ్హాన్ చొక్కా చేతిని వాచీ మీదికి లాక్కున్నాడు. ఆ వాచీ దేన్ని తాకినా దాని వేడి చెబుతుంది. శాఖవాళ్ళు ఇచ్చింది.

గుమ్మంలో కెమెరాతో నిలబడిన లమీస్ నవ్వింది. అందమైన నవ్వు. నబ్హాన్‌కి అదీ నచ్చలేదు.

గురువారం కారు బయలుదేరింది. జానిబెక్ స్టీరింగ్ ముందు, లమీస్ పక్కన, నబ్హాన్ వెనక బ్యాటరీ పెట్టెల మధ్య. కొండ మీదికి ఎక్కేటప్పుడు మోటారు సన్నగా ఈల వేసింది. శిఖరం మీద లమీస్ కారు ఆపించి దిగింది.

"ఇక్కణ్ణుంచి వీడియో తీస్తా ఉస్తాద్. కింద మంత్రిగారి షామియానా దగ్గరికి రాగానే బ్రేకు వెయ్యకండి, మీ బటన్ నొక్కండి. మోటారే బండిని ఆపి బ్యాటరీలకు కరెంటు తిప్పి పంపడం అందరూ చూడాలి."

"నొక్కుతానమ్మా! దాని కోసమేగా మూడేళ్ళు చచ్చింది!"

కారు పల్లానికి దిగసాగింది. ఇంతసేపూ కారులో ఉన్న మనిషి ఇప్పుడే ఎందుకు దిగింది? నబ్హాన్ వాచీని పెట్టెలకు ఆనించసాగాడు. ఎక్కుడులో పనిచేసిన పెట్టెలన్నీ కాగి ఉన్నాయి. మూలనున్న ఒక్కటి మాత్రం చల్లగా ఉంది.

"ఉస్తాద్, ఈ మూల పెట్టె ఎవరు తెచ్చారు?"

"లమీసే. పాతది పాడైతే హమ్దాన్ దగ్గర మార్చి తెచ్చింది. పాపం, వాడు పోయిన రోజే."

హమ్దాన్ నోరు మూయించింది లమీసేనని నబ్హాన్‌కి అర్థమైంది. అది బ్యాటరీ కాదు, బాంబు. కరెంటు వెనక్కి తిరిగితే పేలుతుంది.

"బటన్ నొక్కకు!"

"అనుకున్నా! నా కారు పరువు తీయడానికే వచ్చావు నువ్వు!"

షామియానా ఎదురొచ్చేసింది. మంత్రి చెయ్యి ఊపుతున్నాడు. జానిబెక్ వేలు బటన్ మీదికి వెళ్ళింది. మాటలతో లాభం లేదు. నబ్హాన్ సీట్ల మధ్య నుంచి దూకి డాష్‌బోర్డు కింద, బ్యాటరీల కరెంటంతా తెంపేసే మెయిన్ స్విచ్ లాగేశాడు. అదే క్షణంలో జానిబెక్ బటన్ నొక్కాడు.

ఏమీ కాలేదు. మోటారు మూగబోయింది. కారు మాత్రం దొర్లుతూనే ఉంది.

"ఇప్పుడు బ్రేకు! తొక్కు ఉస్తాద్!"

జానిబెక్ రెండు కాళ్ళతో తొక్కాడు. కారు కీచుమని మంత్రి బూట్ల ముందు ఆగింది. జనం చప్పట్లు కొట్టారు.

కొండ మీద లమీస్ అప్పటికే టాక్సీ ఎక్కింది. విమానాశ్రయానికి పోనిమ్మంది. డ్రైవరు తలుపులకు తాళం వేసి బండిని నేరుగా పాషా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డ్రైవర్ని అక్కడ పెట్టింది నబ్హానే, ఎవరికీ చెప్పకుండా.

పెట్టె విప్పి చూపించాక జానిబెక్ దాన్నీ, తన బటన్‌నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నబ్హాన్ భుజం మీద చెయ్యి వేశాడు.

సాయంత్రం పాషా ఫోన్ చేశాడు. "మంత్రిగారు అడుగుతున్నారు. ఇంతకీ కారు బాగుందా?"

"ఎక్కడం బ్రహ్మాండంగా ఎక్కుతుంది పాషా" అన్నాడు నబ్హాన్. "దిగడమే ఇంకా చూడాలి."