ఆరో మెలిక దగ్గరి తొట్టి

"ఐదు సెంటీమీటర్లే!" అని అరిచింది స్కేలమ్మ.

అమ్మ కుట్టుమిషన్ ఆపి చూసింది. గుడ్డముక్కల మధ్య పెద్ద మ్యాపు పరుచుకుని, దాని మీద బోర్లా పడుకుని ఉంది పదకొండేళ్ల కూతురు. చేతిలో స్కేలు. బల్ల, తలుపు, తమ్ముడి చెవి, ఏది కనబడినా కొలిచేస్తుంది. అందుకే ఇంట్లో అందరికీ ఆమె స్కేలమ్మ.

ఆదివారం వాళ్లు కొండమీది పాత రాగి గని చూడటానికి వెళ్తున్నారు. గని మూతపడి చాలా ఏళ్లయింది. అక్కడికి వెళ్లే రాళ్ల దారి మాత్రం మిగిలింది. ప్లాను వేసే పని స్కేలమ్మ అడిగి మరీ తీసుకుంది.

"మ్యాపులో ఒక సెంటీమీటరంటే ఒక కిలోమీటరమ్మా. స్కూలుకి కిలోమీటరు దూరం, పావుగంటలో నడుస్తాను. అంటే గంటంబావులో గని దగ్గరుంటాం!"

"మరి ఈ దారి ఇన్ని మెలికలు తిరిగిందేంటక్కా?" తమ్ముడు మ్యాపు మీద వేలు పెట్టాడు. వాడికి ఏడేళ్లు. ప్రశ్నలు మాత్రం డెబ్బై ఉంటాయి.

"గీసినవాడి చెయ్యి వణికుంటుంది. వేలు తియ్యి!"

అమ్మకు నవ్వొచ్చింది. కుడుతున్న చొక్కా ఎత్తి, చంక దగ్గరి వంపు చూపించింది.

"ఇది నీ స్కేలుతో కొలిచి కుట్టాననుకో. వేసుకున్నాయన చెయ్యి పైకెత్తగలడా?"

స్కేలమ్మ వంపు వైపు చూసింది. మ్యాపు వైపు చూసింది. ఆమె మొహంలో రంగు మారింది.

అమ్మ మెడలోని టేపు తీసిచ్చింది. తమ్ముడు ఒక కొస నొక్కి పట్టుకున్నాడు. స్కేలమ్మ టేపును అంచు మీద నిలబెట్టి, మెలికమెలికకూ వంచుకుంటూ వెళ్లింది. ఆరయింది, ఎనిమిదయింది, గని ఇంకా రాలేదు. చివరికి పదకొండు దగ్గర వచ్చింది.

పోనూ రానూ ఇరవై రెండు కిలోమీటర్లు! అదీ కొండ దారి. కొండ కింది నుంచి ఇంటికొచ్చే ఆఖరి బస్సేమో నాలుగింటికి.

తాతయ్యను గని దాకా తీసుకెళ్తానని స్కేలమ్మ అప్పటికే మాటిచ్చేసింది. ఆయన నాలుగు రోజులుగా పాత బూట్లకు పాలిష్ మీద పాలిష్ పెడుతున్నాడు. కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు కూడా.

'చెప్పకుండా ఊరుకుంటే? అందరం గబగబా నడిస్తే?' అనుకుంది.

అప్పుడే బయట మెట్ల మీద తాతయ్య అడుగుల చప్పుడు వినబడింది. సగంలో ఆగింది. ఆయన ఆయాసం తీర్చుకుని మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు.

తాతయ్య లోపలికి రాగానే స్కేలమ్మ తల వంచుకుంది. "తాతయ్యా, నేను తప్పు కొలిచాను. గని దాకా వెళ్తే బస్సు అందదు. మనం వెళ్లలేం." ఆమెకు ఏడుపొచ్చేసింది.

తాతయ్య నెమ్మదిగా కింద కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. మ్యాపు దగ్గరకు లాక్కున్నాడు.

"తాతయ్యా, గీసినవాడి చెయ్యి నిజంగా వణికిందా?" అన్నాడు తమ్ముడు, సందు దొరికిందే చాలని.

"లేదురా. ఇది కంచరగాడిదల దారి. రాయి మూటలతో నిటారుగా ఎక్కమంటే అవి ఎక్కగలవా? అందుకే తిప్పి తిప్పి వేశారు. మా నాన్న తోలేవాడు వాటిని." ఆయన వేలు మెలికలు లెక్కబెట్టుకుంటూ వెళ్లి ఆగింది. "ఇదిగో, ఆరో మెలిక. ఇక్కడ రాతి తొట్టి ఉండేదట. నాన్న వాటికి నీళ్లు పట్టేది ఇక్కడే. నాకు అది చూడాలనుందంతే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగితేగా! గని గని అని గంతులేస్తుంటే మధ్యలో నేనెందుకని ఊరుకున్నా."

స్కేలమ్మ కళ్లు తుడుచుకుని టేపు అందుకుంది. ఆరో మెలికకు నాలుగు సెంటీమీటర్లు. ఈసారి తమ్ముడి చేత కూడా కొలిపించింది. నాలుగే!

ఆదివారం పదకొండున్నరకు వాళ్లు ఆరో మెలిక తిరిగారు. తొట్టి అక్కడే ఉంది. నీళ్లు లేవు, లోపల గడ్డి మొలిచింది. తాగేటప్పుడు కంచరగాడిదల మెడలు రాసుకుని రాసుకుని దాని అంచు ఒకచోట నున్నగా అరిగి, వంపు తిరిగింది.

తాతయ్య ఆ అంచును నిమురుతూ నిలబడ్డాడు.

స్కేలమ్మ చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. టేపు తీసింది. అంతలో ఆగింది.

"తాతయ్యా, కొలవనా?"

"ముందు చెయ్యి పెట్టి చూడు తల్లీ."

ఆమె ఆ వంపులో అరచెయ్యి ఆనించింది. రాయి ఎండకు వెచ్చగా ఉంది.

"ఎంతుందక్కా?" తమ్ముడు వెనకనుంచి తొంగిచూశాడు.

"తెలీదురా," అంటూ స్కేలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "రా, నువ్వూ వేలు పెట్టి చూడు."