సామ్రాజ్యం దాచిన మాట

శుక్రవారం ఉదయం సామ్రాజ్యం ఇంట్లో దోసెలు. ఒమన్‌లో వారం సెలవు శుక్రవారం, చర్చి కూడా ఆ రోజే. తొమ్మిదిన్నరకి చర్చి కాబట్టి ఎనిమిదింటికల్లా పెనం పొయ్యి మీద ఉండాలి. వారమంతా ఆస్పత్రిలో నర్సు డ్యూటీ ఏ షిఫ్టులో పడినా, శుక్రవారం పొద్దున మాత్రం ఆవిడ అడిగి మరీ సెలవు తీసుకుంటుంది. అక్కడి సీబ్ ఊళ్ళో వాళ్ళు కాపురం పెట్టిన పదహారేళ్ళలో ఈ పద్ధతి పెద్దగా తప్పలేదు.

భర్త ప్రేమచంద్ కింద కారు తుడుస్తున్నాడు. కూతురు మెర్లిన్ స్నానానికి వెళ్ళింది. మెర్లిన్ స్కాట్లాండ్‌లో టీచరు డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పాఠాలు చెప్పే శిక్షణ కోసం మూడు నెలలు ఇంటికొచ్చింది. ఇక్కడే సీబ్‌లో ఏదో స్కూల్లో చెబుతోందని సామ్రాజ్యం అనుకుంటోంది. చర్చిలో అందరికీ అదే చెప్పింది.

రెండో దోసె తిరగేస్తుంటే ఫోన్ మోగింది.

"ఆంటీ, నేను మెర్లిన్ పాఠాలు చెప్పే పిల్లల క్యాంప్ ఆఫీసు నుంచి జువేరియాని," అంది హిందీలో ఒక అమ్మాయి. "మెర్లిన్ ఫారంలో మొదటి నంబరు అంకుల్‌ది. ఆయన ఎత్తడం లేదు. రెండోది మీది. రేపు రుస్తాక్ దగ్గర వాదీలో మెర్లిన్ పాఠం ఉంది కదా, ఎమర్జెన్సీ నంబర్లు ఒకసారి సరిచూసుకుంటున్నాం."

"ఎక్కడ?" అంది సామ్రాజ్యం.

జువేరియా వాదీ పేరు చెప్పింది. సామ్రాజ్యం గ్యాస్ ఆపడం మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది.

ఒమన్‌లో కొండల మధ్య ఎండిపోయి ఉండే ఏరుని వాదీ అంటారు. పదకొండేళ్ళ క్రితం చర్చివాళ్ళంతా కలిసి ఆ వాదీకే పిక్నిక్ వెళ్ళారు. ఎక్కడో పైన కొండల్లో కురిసిన వాన ఒక్కసారిగా వరదై వచ్చి సామ్రాజ్యం కొడుకు ప్రీతమ్‌ని తీసుకుపోయింది. వాడికి ఏడేళ్ళు. వాడి చెయ్యి పట్టుకుని ఆడిస్తున్న మెర్లిన్‌కి అప్పుడు పదకొండు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ చోటు పేరెత్తలేదు.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నాక అడిగింది.

"రేపు ఎక్కడికెళ్తున్నావు?"

"పిల్లల దగ్గరికే అమ్మా. పాఠం ఉంది."

"జువేరియా అనే అమ్మాయి ఫోన్ చేసింది."

మెర్లిన్ చేతిలోని దోసె ముక్క ప్లేటులో పెట్టేసింది. ప్రేమచంద్ అందుకున్నాడు. "సామ్రాజ్యం, నేను చెప్తాను..."

"అంటే మీకు తెలుసన్నమాట."

"తెలుసు. మొదటి సంవత్సరమే చెప్పింది. నీకు నేనే నెమ్మదిగా చెప్తానన్నాను. చెప్పలేకపోయాను."

"డాడీని ఏమనకమ్మా," అంది మెర్లిన్. "నేను చదివేది టీచరు డిగ్రీయే, అందులో అబద్ధం లేదు. కాకపోతే నా క్లాసు గదిలో ఉండదు. కొండ మీదో, ఏటి ఒడ్డునో, ఇసకలోనో ఉంటుంది. దారి కనుక్కోవడం, వాతావరణం చూసుకోవడం, ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చెయ్యాలి, ఇవన్నీ పిల్లలకి బయటికి తీసుకెళ్ళి నేర్పాలి. ఔట్‌డోర్ ఎడ్యుకేషన్ అంటారు. రేపటి పాఠం చూసి మా సీనియర్ టీచరు యూనివర్సిటీకి రిపోర్టు పంపుతుంది. అది లేకపోతే నాకు డిగ్రీ రాదు."

"మనవాళ్ళ పిల్లలందరూ నర్సింగో ఫార్మసీయో చదువుకుంటుంటే నీకు కొండలూ ఏళ్ళూ కావాల్సొచ్చాయా? ఎవరో కన్న పిల్లల్ని తీసుకెళ్ళి ఆ నీళ్ళ దగ్గర నిలబెడతావా? ఒకసారి అయింది చాల్లేదా నీకు?"

అనేశాక గానీ ఆ మాట ఎవరికి ఎక్కడ తగులుతుందో సామ్రాజ్యానికి తెలియలేదు. ప్రేమచంద్ తల దించుకున్నాడు.

మెర్లిన్ గొంతు పెంచలేదు.

"ఆ రోజు ఆస్పత్రి వరండాలో అడిగావు చూడు, చెయ్యి ఎందుకు వదిలేశావే అని. రోజూ నాకు నేను అదే ప్రశ్న వేసుకున్నానమ్మా. రెండో సంవత్సరంలో మమ్మల్ని నదిలో దింపి శిక్షణ ఇచ్చారు. ఒడ్డున తాళ్ళతో మనుషులు కాపలా ఉన్నారు. మోకాళ్ళ దాకానే నీళ్ళు. ఆరడుగుల మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. అయినా ఇద్దరం నిలవలేకపోయాం. పదకొండేళ్ళ పిల్ల ఎలా పట్టుకుంటుందని ఆ రోజు హాస్టల్లో కూర్చుని ఏడ్చాను. నువ్వెప్పుడైనా నా తప్పు లేదంటావేమోనని ఎదురుచూశాను."

"మెర్లిన్..."

"వరద రాబోయే ముందు గుర్తులు కనిపిస్తాయమ్మా. నీళ్ళ రంగు మారుతుంది. పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తాయి. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండ మీద మబ్బు ఉంటుంది. ఆ రోజు ముప్పై మందిమి ఉన్నాం, ఒక్కళ్ళకీ తెలీదు. చెప్పేవాళ్ళు ఒక్కళ్ళుంటే తమ్ముడు ఉండేవాడు. అందుకే ఈ చదువు చదువుతున్నాను."

సామ్రాజ్యం లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. కోపంతో వెళ్ళిందనుకున్నారు తండ్రీకూతుళ్ళు.

ఆ రోజు చర్చిలో ప్రభువు బల్ల. తప్పు దాచుకున్నవాళ్ళు ఆ రొట్టె ముట్టకూడదంటారు. రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ తన దగ్గరికి వచ్చినప్పుడు సామ్రాజ్యం తీసుకోలేదు. పక్కావిడకి అందించేసింది. ఆవిడ, సామ్రాజ్యానికి ఒంట్లో బాగాలేదేమోనని చూసింది. ఈ పదకొండేళ్ళూ తీసుకుంటూనే ఉంది. చెప్పేవాళ్ళు ఒక్కళ్ళుంటే అని కూతురు నోటివెంట విన్నాక చెయ్యి ముందుకు రాలేదు.

సాయంత్రం మెర్లిన్ బూట్లు దులుపుకుంటుంటే దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"రేపు నేనూ వస్తాను."

"నన్ను ఆపడానికైతే రావద్దమ్మా."

"ఆపను. వస్తాను అంతే."

శనివారం పొద్దున్నే బయల్దేరారు. బర్కా ఊరు దాటి లోపలికి తిరిగాక ఖర్జూర తోటలు అయిపోయి కొండలు మొదలయ్యాయి. మెర్లిన్ కారు నడుపుతూ రెండుసార్లు ఆపి కొండల వైపు చూసింది, ఫోన్‌లో వాతావరణం చూసింది. ఎక్కడా మబ్బు తునక లేదు. వాదీలో మడుగులు తప్ప పారే నీళ్ళు లేవు.

వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, పదీ పదకొండేళ్ళవాళ్ళు, పద్దెనిమిది మంది బస్సు దిగారు. సీనియర్ టీచరు కాస్త దూరంగా కాగితాలు పట్టుకుని నిలబడింది. మెర్లిన్ పిల్లల్ని అడుగున ఉన్న రాళ్ళ మీదికి పంపలేదు. గట్టు మీదే అర్ధచంద్రంగా కూర్చోబెట్టింది. ఎదురు బండ మీద తన తలకన్నా ఎత్తులో ఎండిన గడ్డీ పుల్లలూ చిక్కుకుని ఉన్నాయి. అవి అక్కడికి ఎలా వెళ్ళాయో చెప్పమంది. ఒక పిల్లాడు పక్షి గూడన్నాడు. ఒక పిల్ల చాలాసేపు చూసి, నీళ్ళు అంత ఎత్తుకి వచ్చాయా అంది. అందరూ తలలెత్తి మళ్ళీ చూశారు.

కూతురు పాఠం చెప్పడం సామ్రాజ్యం చూడటం అదే మొదలు. ఎవరు మాట్లాడినా మెర్లిన్ మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ ముఖంలోకి చూస్తూ వింటోంది.

"నేను మీ అంత ఉన్నప్పుడు ఇక్కడికి వచ్చాను," అని చెప్పింది ఇంగ్లీషులో. "నాకో తమ్ముడు ఉండేవాడు. వరద వస్తోందని మాకు ఎవరూ చెప్పలేదు."

"చెప్పారు," అంది సామ్రాజ్యం తెలుగులో, వెనక నుంచి.

పిల్లలకి ఆ మాట అర్థం కాలేదు. మెర్లిన్‌కి అయింది. తల్లి ముఖం చూసి, పిల్లలందరినీ మంచినీళ్ళు తాగమని చెప్పి, సీనియర్ టీచర్‌ని కాసేపు చూడమని అడిగి, తల్లిని కారు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎవరు చెప్పారు?"

"ఒక ముసలాయన. మేకలు కాసుకునేవాడు. నువ్వూ తమ్ముడూ నీళ్ళ దగ్గర ఉన్నారు. ఆయన కర్రతో కొండ వైపు చూపిస్తూ గబగబా చెప్పాడు. అల్ వాదీ జాయ్, అన్నాడు. వాదీ వస్తోంది, పైకి పొండి అని. ఆస్పత్రిలో పని చేస్తున్నదాన్ని, నా ఒక్కదానికే అరబ్బీ వచ్చు. అందరూ నన్నే అడిగారు, ఏమంటున్నాడు సిస్టర్ అని."

"నువ్వేం చెప్పావు?"

"చెత్త పారేయొద్దంటున్నాడని చెప్పాను."

మెర్లిన్ కారు తలుపుకి ఆనుకుంది.

"అప్పుడే అందరికీ భోజనాలు వడ్డించాం. ఆ పిక్నిక్ పెట్టించింది నేను. తలపైన ఎండ కాస్తోంది. ముసలాయన చాదస్తం అనుకున్నాను. పది నిమిషాల్లో తినేసి లేస్తాం కదా అనుకున్నాను. పది నిమిషాలు కూడా కాలేదు."

"మరి నన్నెందుకు అడిగావమ్మా, చెయ్యి ఎందుకు వదిలావని?"

సామ్రాజ్యం జవాబు కోసం వెతుక్కోలేదు. అది ఎప్పటి నుంచో సిద్ధంగానే ఉంది.

"నిన్నంటే నన్నెవరూ అడగరు. అందుకే. తప్పు నీ మీద ఉన్నంతకాలం నా వైపు ఎవరూ చూడరనుకున్నాను. చిన్నపిల్లవి, మర్చిపోతావులే అనుకున్నాను. మర్చిపోలేదని తెలిసినా నోరు విప్పలేదు. నువ్వు వదల్లేదమ్మా. వరద లాక్కుంది. వరదకి ఎదురుగా మిమ్మల్ని ఉంచింది నేను."

మెర్లిన్ ఏడవలేదు. సామ్రాజ్యం ముట్టుకోబోతే భుజం పక్కకి తీసుకుంది.

"పిల్లలు ఎదురుచూస్తున్నారు," అంది. "నేను పాఠం పూర్తి చెయ్యాలి."

నాలుగడుగులు వేసి ఆగింది.

"ఆయన అన్న మాట ఇంకోసారి చెప్పు."

"అల్ వాదీ జాయ్."

"నాకు సరిగ్గా పలకడం రాదు. నువ్వే వచ్చి పిల్లలకి చెప్పు. ఎవరైనా ఈ మాట అంటే తిండి వదిలేసి, చెప్పులు వదిలేసి గట్టెక్కాలని చెప్పు."

సామ్రాజ్యం వెళ్ళి పిల్లల ముందు నిలబడింది. ఆ మాట మూడుసార్లు పలికింది. పద్దెనిమిది గొంతులు తిరిగి పలికాయి. పక్షి గూడన్న పిల్లాడు, మీకిది ఎవరు నేర్పారు ఆంటీ అని అడిగాడు.

"ఒక పెద్దాయన చెప్పాడు," అంది. "నేను విని కూడా వినిపించుకోలేదు. మీరు అలా చెయ్యకండి."

సీనియర్ టీచరు ఏదో రాసుకోబోయి ఆగిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బర్కాలో పెట్రోలు బంకు దాటాక మెర్లిన్ కారు పక్కకి తీసి ఆపింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది, పదకొండేళ్ళ పిల్లలా వెక్కుతూ. సామ్రాజ్యం ఈసారి ముట్టుకోవడానికి భయపడింది. చివరికి మెర్లిన్ తనే తల్లి ఒడిలోకి ఒరిగింది.

"నాకు నీ మీద చాలా కోపంగా ఉందమ్మా."

"ఉండనీ."

"రేపటికి పోయేది కాదు."

"నేనెక్కడికీ వెళ్ళను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ."

"నేను వదల్లేదు కదమ్మా?"

"లేదు తల్లీ. నువ్వు వదల్లేదు."

ఆ మాట ఇంకోసారి అడిగింది. సామ్రాజ్యం ఇంకోసారి చెప్పింది. అలా ఎన్నిసార్లు అడిగిందో, అన్నిసార్లూ చెప్పింది.

ఇంటికొచ్చేసరికి ప్రేమచంద్ అన్నం వండి, పప్పు తిరగమోత పెడుతున్నాడు. ఇద్దరి కళ్ళూ చూసి కంగారుపడ్డాడు. "పాఠం పాడైందా?"

"బాగా జరిగింది డాడీ," అంది మెర్లిన్.

"మరేమైంది?"

సామ్రాజ్యం పొయ్యి ఆపింది. "మీతో ఒక విషయం చెప్పాలండీ. ఎప్పుడో చెప్పాల్సింది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సామ్రాజ్యం నిలబడే ఉంది. మెర్లిన్ ఒక కుర్చీ తెచ్చి తల్లికి వేసి, ఇంకొకటి దాని పక్కనే వేసుకుని కూర్చుంది.

"చెప్పమ్మా," అంది. "నేనున్నాను."