చూపుల చప్పుడు

"కదలకండి."

అతను కదల్లేదు. స్కానింగ్ మెషిన్ పక్కమూత ఊడదీసి నడుం దాకా లోపలికి దూరి ఉన్నాడు. ఎందుకు కదలకూడదో తెలీదు. ఆ గొంతు అలా చెప్పాక కదిలే మగాడు ఇంకా పుట్టలేదనిపించింది.

"చెప్పులెక్కడ?" అంది ఆ గొంతు.

"కాళ్ళకే ఉన్నాయండీ."

"అదే నా ఏడుపు. ఈ గదిలోకి బయటి చెప్పులతో ఎవరూ రారు. ఇంతకీ ఎవరు మీరు?"

వెనక్కి జరిగి తల బయటపెట్టాడు. నీలం కోటు వేసుకున్న స్కానింగ్ టెక్నీషియన్. చేతిలో మరో జత చెప్పులు, మొహం నిండా కోపం. కోపం సంగతి దేవుడెరుగు, ఆ కళ్ళు చూసి అతను చెప్పాల్సింది కాస్తా మర్చిపోయాడు.

"ఇందులో ఎక్స్‌రేని పట్టే స్ఫటికాలు నావి," అన్నాడు చివరికి. "అంటే, నేను పెంచినవి."

"పెంచడానికి అవేమైనా కుక్కపిల్లలా?"

"కొలిమిలో కరిగించి, వారాల తరబడి మెల్లమెల్లగా చల్లారుస్తాం. తొందరపడితే పగుళ్ళొస్తాయి. అందుకే పెంచడం అంటాం."

"సరే కొలిమిగారూ, ముందు చెప్పులు మార్చుకుని తర్వాత పెంచుకోండి."

ఆ రోజు నుంచీ ఆ గదిలో అతని పేరు కొలిమి. అతనేం తక్కువ తిన్నాడా, ఆమెకి కదలకండిగారు అని పేరు పెట్టాడు. రోజుకి నలభై మందికి ఆ మాట చెప్తుంది మరి.

మెషిన్ కొత్తది, ఇంకా పరీక్షలోనే ఉంది. ఆర్నెల్లు చెవి రోగుల మీద వాడి చూసి, పనికొస్తుందో లేదో చెవుల డాక్టరమ్మ తేల్చాలి. వారానికోసారి వచ్చి స్ఫటికాల బాగోగులు చూసుకోవడం కొలిమి డ్యూటీ. వారానికోసారి అన్నది కంపెనీ మాట. ఇతగాడు ఏదో వంక పెట్టుకుని మూడుసార్లు దిగేవాడు.

"మొన్నేగా చూసి వెళ్ళారు?" అనేది ఆమె.

"ఒక స్క్రూ లూజుగా ఉందేమోనని అనుమానం."

"మెషిన్‌దా, మీదా?"

ఒకరోజు ఆమే పిలిచి తెర చూపించింది. "ఇదేంటో చెప్పండి చూద్దాం."

రెండు బుజ్జి కాళ్ళు, వాటి కింద ఓ చిట్టి పలక. గుర్రం మీద కూర్చున్నవాడు కాలు పెట్టుకునే రికాబులా ఉంది.

"చెవి లోపలి ఎముక. ఒంట్లో ఎముకలన్నిట్లోకీ ఇదే చిన్నది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. పాత మెషిన్‌లో మసక చుక్కలా కనపడేది. ఏడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, దీని కాళ్ళ మధ్య సందు ఇవాళే చూశాను."

అతను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. పాత మెషిన్లు ఎక్స్‌రేని ముందు వెలుగుగా, ఆ వెలుగుని మళ్ళీ కరెంటుగా మారుస్తాయి. చేతులు మారేకొద్దీ వివరం కారిపోతుంది. అతని స్ఫటికం అలా కాదు, వచ్చిన ఎక్స్‌రే కణాన్ని వచ్చినట్టే, ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కానీ ఇన్నాళ్ళూ అతనికి అవి అంకెలే. ఇప్పుడు ఎదురుగా ముక్కూ మొహం తెలీని ఎవరిదో ఎముక. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ విన్న ప్రతి మాటా దాని మీదుగానే లోపలికెళ్ళింది. అతనికి దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తెలీక చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఏంటి, మాట పడిపోయిందా?" అంది ఆమె. అడిగింది మెత్తగానే.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఇద్దరూ వానకి దొరికిపోయారు. జనమంతా వానని తిట్టుకుంటుంటే ఆమె కళ్ళు మూసుకుని నవ్వుతోంది.

"వానంటే అంతిష్టమా?"

"వాన హోరులో నా చప్పుళ్ళు నాకు వినపడవు." కళ్ళు తెరిచింది. "నవ్వనంటే ఒకటి చెప్తా."

"నవ్వను."

"నా కళ్ళు కదిలితే నాకు వినిపిస్తుంది. ఎడం చెవిలో. నేల మీద చీపురు గీసినట్టు సర్రుమంటుంది. అడుగేస్తే దబ్బుమంటుంది. నాలుగేళ్ళ నుంచీ ఇదే గోల."

అతను నవ్వలేదు.

"పాత మెషిన్‌లో స్కాన్ తీయించుకున్నా, ఏమీ లేదన్నారు. నరాల బలహీనత అన్నారొకరు. పెళ్ళి చేస్తే అదే పోతుందన్నారింకొకరు. బయట చెప్పకు, పిచ్చిదంటారు అంది మా అమ్మ. ఒక్కోసారి నాకే అనిపిస్తుంది, పిచ్చేనేమోనని."

"అయితే మీరు నావైపు చూసిన ప్రతిసారీ..."

"వినిపిస్తుంది. మీరొచ్చిన రోజు చెవి హోరెత్తిపోతుంది." అనేసి నాలుక్కరుచుకుంది.

అతనెక్కాల్సిన బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. అది వెళ్ళిపోయింది.

"మరి కొత్త మెషిన్ మీ చేతిలోనే ఉందిగా. ఎందుకు తీయించుకోలేదు?"

"భయం. ఇందులోనూ ఏమీ లేదంటే ఇక నాకు మిగిలేది పిచ్చొక్కటే."

మర్నాడు అతనే పోరుపెట్టి ఆమెని డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. డాక్టరమ్మ మొత్తం విని, మారుమాట్లాడకుండా స్కాన్‌కి చీటీ రాసింది.

స్కాన్ రోజు వాళ్ళమ్మ కూడా వచ్చింది. కూతుర్ని ఇంకో టెక్నీషియన్ పడుకోబెట్టి తీస్తుంటే, తెర ముందు డాక్టరమ్మ, వెనక అమ్మ, ఆ వెనక కొలిమి. ఎడం చెవి లోపల, మనిషి తూలిపోకుండా కాచే మూడు చిన్న గొట్టాలు కనిపించాయి. పైగొట్టం మీద ఎముక కప్పు ఉండాలి. ఒకచోట లేదు. ఆవగింజలో సగమంత ఖాళీ.

"ఇదిగో," అంది డాక్టరమ్మ. "ఇక్కడ కన్నం ఉంటే ఒంట్లో చప్పుళ్ళన్నీ చెవిలోకి దూరతాయి. కళ్ళు తిప్పినా వినపడుతుంది."

ఇంకెవడైనా అయితే ఎగిరి గంతేసేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, ఇతని సంగతి వేరు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం, అదీ దొంగతనం చెయ్యకుండానే.

"ఒక్క నిమిషం డాక్టర్," అన్నాడు. "ఆ మచ్చ సరిగ్గా మెషిన్ నడిమధ్యన పడింది. మధ్యనున్న స్ఫటికం పలకలో ఒక గడి మీద నాకు అనుమానముంది. అది చెడితే సరిగ్గా అక్కడే ఇలాంటి మచ్చ పడుతుంది. దీన్ని నమ్మి మీరు తలమీద కత్తి పెడతారు. కన్నం ఆవిడ చెవిలో కాక నా స్ఫటికంలో ఉంటే?"

తలుపు దగ్గర నిలబడి ఆమె అంతా వింది. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"నాలుగేళ్ళలో నన్ను నమ్మింది మీరొక్కరే అనుకున్నా," అంది.

"నేను నమ్మనిది మిమ్మల్ని కాదు. నా స్ఫటికాన్ని."

"నాకు రెండూ ఒకటే."

వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ అతన్ని కాల్చేసేలా చూసి కూతురి వెనకే వెళ్ళింది. ఆ రాత్రి అతనికి ఒకటే భయం. తప్పు స్ఫటికానిదే అయితే, ఆమెకి ఉన్న ఒక్క సాక్ష్యం తన చేతులతోనే పోతుంది.

పొద్దున్నే, రోగులు రాకముందే, డాక్టరమ్మ అనుమతితో బొమ్మ తల తెచ్చాడు. పైన ప్లాస్టిక్కు, లోపల ఎముకలాంటి ముద్దతో చేసిన చెవులు. నిన్న ఆమె తల ఉన్నచోటే, అంగుళం తేడా లేకుండా పెట్టాలి. బొమ్మ చెవిలోనూ కన్నం కనపడితే దోషం స్ఫటికానిది. బొమ్మ ఎముక నిండుగా ఉంటే కన్నం ఆమెదే, నిజంగా ఉన్నట్టే.

గది ఆమెది కాబట్టి ఆమే తీయాలి. వచ్చింది. వెంట అమ్మ. పలకరింపు లేదు. ఎర్ర గీతల వెలుగు బొమ్మ ఎడం చెవి మీద పడేలా సర్ది, అద్దం వెనక్కొచ్చి మైకు నొక్కింది.

"కదలకండి," అంది బొమ్మతో.

అతనికి నవ్వు తన్నుకొచ్చింది. ఆమె పెదవి కూడా వణికింది. అంతలోనే ఇద్దరికీ నిన్నటి సంగతి గుర్తొచ్చి మొహాలు బిగించుకున్నారు.

తెర మీద బొమ్మ చెవి ఎముక నిండుగా ఉంది. మళ్ళీ తీశారు. నిండుగానే ఉంది. మూడోసారి తీశారు.

"నీ స్ఫటికం నిప్పయ్యా," అంది డాక్టరమ్మ. "కన్నం అమ్మాయిదే."

నిన్నటి స్కాన్‌నీ, ఇవాళ్టి బొమ్మ తల స్కాన్‌నీ తెర మీద పక్కపక్కన పెట్టింది. బొమ్మదాంట్లో తెల్లటి కప్పు, ఆమెదాంట్లో ఆవగింజలో సగమంత ఏమీ లేకపోవడం. నాలుగేళ్ళుగా ఒక మనిషి మనసుని నలిపేసింది అదేనని అతను కళ్ళారా చూస్తున్నాడు. ఉన్నదాన్ని చూపించడం సరే, లేనిదాన్ని కూడా ఇంత స్పష్టంగా చూడొచ్చా అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"నాకు పిచ్చి లేదు," అంది ఆమె, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ తెర దగ్గరికెళ్ళి ఆ ఖాళీని వేలితో తాకింది. "ఇంత కన్నానికా తల్లీ," అంది. "చెప్తూనే ఉన్నావు. నమ్మలేదే నిన్ను. అమ్మనై ఉండి నేనే నమ్మలేదు." కూతురి తల పొట్టకి అదుముకుంది.

కాస్త తేరుకున్నాక అతని వైపు తిరిగింది. "నిన్న నిన్ను తిట్టుకున్నాను బాబూ. నీ పనితనానికి మచ్చొస్తుందని తెలిసీ, నా పిల్ల తల మీద అనవసరంగా కత్తి పడకూడదనుకున్నావు. పెళ్ళి చేస్తే ఈ జబ్బు పోతుందన్నారు ఎవరో. పోదని తేలిందిగా. అయినా సరే చేద్దామనుకుంటున్నా, నీకిష్టమైతే."

"అమ్మా," అంది కూతురు, తల ఎత్తకుండానే. "ముందు ఆయన నన్ను అడగాలిగా."

అడగలేదతను. ఆపరేషన్ ముందు అడిగితే భయంలో ఒప్పుకుందంటారని ఊరుకున్నాడు. ఆపరేషన్ అయింది. కట్టు విప్పేరోజు ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. డాక్టరమ్మ బయటికెళ్ళగానే ఆమె కళ్ళు మెల్లగా కుడికి తిప్పింది. తర్వాత ఎడమకి. మళ్ళీ కుడికి.

"ఏం వినిపిస్తోంది?" అన్నాడు.

"ఏమీ లేదు." ఆమె ఇంకోసారి తిప్పి చూసింది. "లోపల ఎంత ఖాళీగా ఉందో. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మాట్లాడు, నువ్వు."

నువ్వు అంది. అతను ఎడం చెవి దగ్గరికి వంగాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట, తనకే సరిగా వినపడనంత మెల్లగా చెప్పాడు.

ఆమె కళ్ళు తిప్పి అతన్నే చూసింది.

"వినపడింది," అంది.