ప్రశ్న అడగకముందే

ఆ ఉదయం దయావతి పెసరట్లు పోస్తోంది. కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే ఉన్న రోజులవి. తన ఇంటి కింద అద్దెకున్న తెలుగు అమ్మాయిలు వాసన పట్టి పైకొచ్చేస్తారని, ఆవిడ పిండి ఎప్పుడూ ఎక్కువే రుబ్బుతుంది.

కూతురు ఏనీకి మాత్రం అట్టు సహించడం లేదు. సైకాలజీ చదివిన ఆ పిల్ల ఒక ప్రాజెక్టులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చింది. లైంగిక నేరాలకు జైలుకెళ్లి విడుదలైనవాళ్లకు పాలీగ్రాఫ్, అంటే అబద్ధాలు పట్టే యంత్రం, తగిలించి షరతులు పాటిస్తున్నారా లేదా అని అడగడం అక్కడి పని. ఇంతవరకూ కబురు లేదు.

"పోనీలే. అలాంటి మగాళ్ల ఎదురుగా కూర్చునే ఉద్యోగమని చర్చిలో ఎలా చెప్పుకోను?" అంది దయావతి.

"కింద అమ్మాయిలు షిఫ్ట్ నుంచి లేటుగా వస్తే కిటికీ దగ్గర కాపలా కాసేది నువ్వేగా మమ్మీ! ఎవరికి భయపడి? వాళ్లనే నేను క్వశ్చన్ చేస్తానంటున్నా. ఐ రియల్లీ వాంట్ దిస్ జాబ్." ఏనీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాట మార్చడానికి తండ్రి కృపాదానం అడిగాడు. "ఇంతకీ ఆ మిషన్ అబద్ధం పట్టేస్తుందా?"

"గ్యారంటీ లేదు డాడీ, తప్పులు చేస్తుంది. కానీ టెస్ట్ ఉందంటే చాలు, కొందరు ముందే చెప్పేస్తారట."

"అయితే మీ అమ్మ మీద ప్రాక్టీస్ చెయ్యి," అంటూ ఆయన తన బీపీ మిషన్ పట్టీ భార్య చేతికి చుట్టాడు.

ఏనీ కళ్లు తుడుచుకుని, పెద్ద ఆఫీసర్‌లా గొంతు సవరించుకుంది. "మొదటి ప్రశ్న..."

"నేనే చెప్పానే!" దయావతి భోరుమంది. "మొన్న నువ్వు స్నానంలో ఉంటే వాళ్లు ఫోన్ చేశారు. నీకిష్టం లేదు, రావని చెప్పేశాను. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పే నోటితోనే అబద్ధమాడాను."

"ఇంకా స్విచ్చే నొక్కలేదే!" కృపాదానం నోరెళ్లబెట్టాడు.

"హౌ కుడ్ యూ, మమ్మీ!" ఏనీ చివాలున లేచింది. పెనం మీద అట్టు మాడిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

"నువ్వు ఆ గదిలో కూర్చుని ఆ మాటలన్నీ వినాలంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఎవరో ఒకరు అడగాలి, నా పిల్ల మాత్రం వద్దనుకున్నాను. ఎంత స్వార్థం నాది! ఆ ఫోనివ్వు."

దయావతి తనే ఆఫీసుకు ఫోన్ కలిపి, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది. "ఐ యామ్ ఏనీస్ మదర్. ఐ టోల్డ్ యూ లై. షీ వాంట్స్ జాబ్."

అవతలి ఆవిడ పకపకా నవ్వింది. ఇంకా ఎవరినీ తీసుకోలేదట, సోమవారం రమ్మంది.

ఏనీ తల్లిని పట్టీతో సహా వాటేసుకుంది.

"గట్టిగా అడుగు తల్లీ," అంది దయావతి ఏడుస్తూనే. "నిజం చెప్పేదాకా వాళ్లను వదలకు."