తొమ్మిదేళ్ళ ఆదివారం మాత్ర

ఆదివారం ఆరున్నరకి టైలరమ్మ ఎముకల మాత్ర మింగి, గ్లాసు నిండా నీళ్ళు తాగి, కిటికీ దగ్గర నిలబడింది. అరగంట దాకా పడుకోకూడదు, ఏమీ తినకూడదు. తొమ్మిదేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. తప్పనిస్తే కదా! మందుల షాపు నడిపే కూతురు ఎదురుగా నిలబడి మరీ మింగిస్తుంది. "మా అమ్మ ఎముకలు ఇనుము" అని షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుంటుంది.

ఆ ఇనుము మనిషి రెండు నెలలుగా కుంటుతోంది. మోకాళ్ళకి ఎక్స్‌రే తీయిస్తే వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు. దాంతో కూతురికి పట్టపగ్గాల్లేవు. మిషన్ ముందు కూర్చుని బిగుసుకుపోయావంటూ రోజూ పొద్దున్నే వీధి చివరిదాకా నడిపిస్తోంది. ఆ రోజు కూడా అరగంట కాగానే చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

"ఇవాళ వద్దే. కాలు మోపలేకపోతున్నాను."

"రోజూ ఇదే పాటా? పద అమ్మా."

బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న కొడుకు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. "నీ కళ్ళకేమైందక్కా? గోడ పట్టుకుని నడుస్తోంది!"

"నువ్వెళ్ళి స్టీరింగ్ తిప్పుకో. మందుల సంగతి నాకు తెలుసు."

"మందుల సంగతే తెలుసు. అమ్మ సంగతి తెలీదు."

ఆ మాట ఆమెకి చురుక్కున తగిలింది. ఏదో అనబోయేలోపే తల్లి అరిచింది.

"నోళ్ళు మూస్తారా ఇద్దరూ! నొప్పి మోకాల్లో కాదు, ఇదిగో, ఇక్కడ." తొడ మధ్యన అరచెయ్యి పెట్టి చూపించింది. "లోపల్నుంచి సలుపు. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. అడుగేస్తే ప్రాణం పోతోంది."

"మరి మోకాలన్నావేం?"

"మోకాలంటే ముసలితనమని వదిలేస్తావు. తొడంటే మిషన్ తొక్కడం వల్లేనని దాన్ని తీసి అటకెక్కిస్తావు. నాకు తెలీదా నీ సంగతి!"

మాత్ర వల్లేనేమోనని కూతురికి అనుమానం తగిలింది. మాత్రల డబ్బా తీసి, అందులో మడత పెట్టి ఉన్న మందు వివరాల కాగితం విప్పింది. షాపులో ఇలాంటివి ఎన్నో చూసింది గానీ ఏనాడూ చివరిదాకా చదవలేదు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో అరుదుగా, దెబ్బేమీ లేకుండానే తొడ ఎముక విరగవచ్చట. దానికి ముందు తొడలోనో గజ్జల్లోనో నొప్పి రావచ్చట.

తల ఎత్తేసరికి, నడవమన్నావుగా అంటూ తల్లి పంతానికి మెట్ల దాకా వెళ్ళి పాదం దించబోతోంది.

"అమ్మా! కాలు మోపకు!"

తమ్ముడు ఒక్క ఉదుటున వెళ్ళి తల్లిని చేతుల మీదికి ఎత్తుకున్నాడు.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరమ్మ రెండు తొడలకీ ఎక్స్‌రే తీయించింది. కుడి తొడ ఎముక బయటి అంచున అడ్డంగా సన్నటి చీలిక కనబడింది.

"అదృష్టం, ఇంకా పూర్తిగా విరగలేదు. లోపల రాడ్ వేసి కాపాడదాం. ఈ మాత్ర ఇక వద్దు. చెడ్డ మందేం కాదు, ఎంతోమంది ఎముకలు విరగకుండా కాపాడుతుంది. కానీ కొన్నేళ్ళయ్యాక ఇంకా అవసరమా అని చూపించుకోవాలి. మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు," అంది కూతురు. "ఐదేళ్ళకి తీసుకురమ్మన్నారు. మందు మన షాపులోనే ఉందిగా అని నేనే ఇస్తూ వచ్చాను." తమ్ముడు అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

ఆపరేషనైన మూడో రోజు కూతురు తల్లి మంచం మీద తల ఆన్చి ఏడ్చేసింది. "నా చేతుల్తోనే మింగించానమ్మా."

"నేనూ మోకాలని అబద్ధమాడాను కదే. తప్పు చెరిసగం," అంది తల్లి, కూతురి జుట్టు నిమురుతూ. "ఏడుపు ఆపు గానీ, నీ షాపులో ఇలాగే డాక్టరు చీటీ కూడా లేకుండా ఈ మాత్ర ఏళ్ళ తరబడి పట్టుకెళ్ళేవాళ్ళు ఎంతమంది?"

కూతురికి కళ్ళు తుడుచుకోవడం కూడా గుర్తు లేదు. ముగ్గురున్నారు. వెంటనే ఫోన్ తీసి, వాళ్ళలో ఒకరైన రిటైర్డ్ లెక్కల టీచరుకి చేసింది.

"టీచరుగారూ, ఆ ఎముకల మాత్ర వాడుతున్నారుగా, ఒకసారి డాక్టరుకి చూపించాలి. ఇంతకీ, తొడలో నొప్పేమైనా ఉందా మీకు?"

అవతల టీచరుగారు గొంతు తగ్గించారు.

"నెల్లాళ్ళుగా ఉందమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదే, నీకెలా తెలిసింది?"

"ఎక్కడున్నారో అక్కడే కూర్చోండి. కాలు మోపకండి," అంటూ ఆమె అప్పటికే వార్డు తలుపు దాటేసింది. "నేనొస్తున్నాను."