బాల్కనీ కమ్మీ ఎత్తు

శుక్రవారం, కువైట్‌లో వారాంతపు సెలవు. పొద్దున్నే ఆ ఇంట్లో చర్చికి వెళ్ళే హడావుడి ఉండాలి. బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ ఐదో అంతస్తు ఫ్లాట్‌లో రత్నమణి మాత్రం ఎనిమిది నెలల జాన్ పాల్ బట్టలు సంచిలో సర్దుతోంది. పై ఫ్లాట్‌లో ఉండే నర్సు మెర్సీ ఆదివారం సెలవు మీద రాజోలు వెళుతోంది. ఆమె వెంట బిడ్డను అక్కడి తన పుట్టింటికి పంపేయాలని రత్నమణి పట్టు.

“పాలు తాగే పిల్లోణ్ణి పంపేత్తావా? కన్నతల్లివేనా నువ్వు?” భర్త పాల్‌రాజు గొంతు లేచింది.

“ఇక్కడుంటే దక్కడండి. ఆ బాల్కనీ కమ్మీ చూశారా? మోకాలి దాకా కూడా లేదు. రోజురోజుకీ దిగిపోతంది.”

అంత కోపంలోనూ పాల్‌రాజుకి నవ్వొచ్చింది. కువైట్‌లో పన్నెండేళ్ళుగా అతను బిగించేవి అల్యూమినియం కమ్మీలే. అంతలోనే, మూడు నెలలుగా తడిబట్టలు బాల్కనీలో కాక గదిలోనే ఎందుకు ఆరుతున్నాయో అర్థమై నవ్వు ఆగిపోయింది.

“ఎంత ఎత్తుందో ఈ తలుపు మీద చూపించు.”

రత్నమణి వంగి చెయ్యి పెట్టింది. అక్కడ పెన్సిలుతో గీత గీసి టేపు పట్టాడు. నలభై సెంటీలు. బాల్కనీలోకెళ్ళి కమ్మీ కొలిచాడు. నూట ఇరవై.

“కళ్ళారా చూశానండీ!” రత్నమణి కూలబడిపోయింది. “వాణ్ణెత్తుకుని అక్కడ నిలబడితే... కిందకి విసిరేత్తానేమోనని తలపొత్తదండి. నేనేనండి, నా చేత్తోనే! పొమ్మన్నా పోదు.”

బిడ్డ పాస్‌పోర్టు కోసం వచ్చిన మెర్సీ గుమ్మంలోనే ఆగిపోయింది.

“అక్కా, మా క్రిస్టీనా పుట్టినప్పుడు నాకు కూరలు తరిగే కత్తి బారెడు కనబడేది,” అంటూ వచ్చి పక్కనే కూర్చుంది. “ఎవరికీ చెప్పలేక చచ్చాను. తలపొచ్చినంత మాత్రాన చేసేత్తామా? వాడికేమవుద్దోనని నువ్వు ఆ గడపే దాటలేదు గదా! రేపు మా డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను.”

బిడ్డను మెర్సీకిచ్చి పాల్‌రాజు భార్య చెయ్యి పట్టుకున్నాడు. మూడు నెలల్లో మొదటిసారి రత్నమణి బాల్కనీలో అడుగుపెట్టింది. కమ్మీ గుండెలకు తగిలింది. రెండు చేతులతో తడిమి తడిమి చూసింది.

“ఇంతెత్తా! ఇంత కమ్మీనే కోసేసిందా నా మనసు?”

ఆశ్చర్యంతో నోరు తెరుచుకుంది, కళ్ళు మాత్రం ధారలు కట్టాయి. అంతలోనే ఆ పాడు తలపు మళ్ళీ వచ్చింది. ఊపిరి బిగబట్టి చూసింది. కమ్మీ అంగుళం కూడా కదల్లేదు.

లోపలికి వచ్చి బిడ్డను గుండెలకు అదుముకుంది. పాల్‌రాజు తలుపు మీది గీత తుడవబోయాడు.

“ఉంచండి,” అంది రత్నమణి. “మళ్ళీ భయమేత్తే నా మనసెంత తప్పు కొలిచిందో చూసుకుంటాను.”