గుండె పైగదిలో పిల్ల

పూర్ణా మార్కెట్‌లో ఎండుచేపలు అమ్మే ఈశ్వరికి గుండెదడ మొదలైంది కూతురు సాయిదుర్గ పోయిన మూడో రోజున. ఇరవై రెండేళ్ల పిల్ల. మధురవాడలో ఉద్యోగానికి స్కూటీ మీద వెళ్తూ లారీ కింద పడిపోయింది. అప్పటినుంచి రెండేళ్లుగా ఈశ్వరి గుండెలో ఏదో చేపపిల్లలా కొట్టుకులాడేది. ఆ దడ వచ్చినప్పుడల్లా గుండె మీద చెయ్యి వేసుకుని, "లేసినావా అమ్మా?" అని మెల్లగా పలకరించేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు మాత్రం వేరే మాట చెప్పాడు. గుండె పైగదులు సరిగా కొట్టుకోకుండా వణుకుతున్నాయట. అక్కడ రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు. మందులు పనిచెయ్యలేదు కాబట్టి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగలు గుండెలోకి పంపి, తప్పుడు కరెంటు పుట్టే చోట్లను కాల్చెయ్యాలి. అబ్లేషన్ అంటారు.

ఈశ్వరి వద్దంది. సముద్రం మీద వేటకెళ్లే ఆమె భర్త నాగబాబు, మంచం పక్కన నేలమీద కూర్చుని ఏడ్చాడు.

"నువ్వూ ఎల్లిపోతే నానెవర్ని సూసుకుని బతకాలి?"

ఒప్పుకుంది.

పొద్దున్న పది గంటలకి లోపలికి తీసుకెళ్లారు. గది చల్లగా ఉంది. స్పిరిట్ వాసన. యంత్రాల సన్నటి కూత. సగం మత్తిచ్చారు. తల దగ్గర నిలబడ్డ నర్సు మధులత, "కదలకండి. నొప్పి ఓర్చుకోలేకపోతే వేలెత్తండి, ఆపేస్తారు" అంది.

కాసేపటికి గుండెలో వెచ్చగా ఏదో తగిలింది.

"అమ్మా... కాల్తంది."

మత్తు అనుకుంది ఈశ్వరి. మళ్లీ వేడి.

"ఇటేపు కూడా కాల్సీసినారు... నానెక్కడుండాలి?"

సాయిదుర్గ గొంతే. జ్వరమొచ్చినప్పుడు దుప్పటి కిందినుంచి పిలిచే గొంతు. ఈశ్వరికి వేలు గుర్తొచ్చింది. ఎత్తితే చాలు. కానీ తలుపు అవతల నాగబాబు ఉన్నాడు. గోడ మీద ఒక్క ఫొటోకి దండ మార్చడానికే చేతులు రాని మనిషి. ఇంకో ఫొటోకి ఏం మారుస్తాడు?

వేలెత్తలేదు.

"ఎల్లిపో తల్లీ..." పెదాలు మాత్రమే కదిలాయి.

"ఎక్కడికే అమ్మా?"

ఆఖరి వేడి. తర్వాత... ఏమీ లేదు.

తెరమీద గీత సమంగా నడిచింది. "బాగా జరిగిందమ్మా" అన్నాడు డాక్టరు. ఈశ్వరి కన్నీళ్లు చెవుల్లోకి కారాయి.

సాయంత్రం, కాలు మడవకుండా వార్డులో పడుకుని ఉంది. గుండె బుద్ధిగా కొట్టుకుంటోంది. అందులో ఎవరూ లేరు. నాగబాబు టీకి వెళ్లాడు. అప్పుడొచ్చింది మధులత. ముఖంలో రక్తం లేదు.

"అమ్మా, మీకు పిల్లలున్నారా?"

"ఒక్కతే. ఇప్పుడు నేదు."

"మీ తర్వాత అదే బల్లమీద ఇంకో పేషెంటుని పడుకోబెట్టారు. డెబ్భై ఏళ్ల పెద్దాయన. మత్తు దిగిన దగ్గర్నుంచి..." గొంతు తగ్గించింది. "'మా అమ్మ ఈశ్వరి ఏ మంచం మీదుంది' అని అడుగుతున్నాడు."

ఈశ్వరి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఆయన లేవకూడదు. కాలు కదిపితే రక్తం..."

మధులత ఆగిపోయింది.

కర్టెన్ అవతల, ఎవరో కాలీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. నేలమీద... తడితడిగా.